కాలేజీ స్టోర్ రూమ్‌లో విగ్రహాలు, నాణేలు ఉన్నాయి: మ్యూజియం ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: నేను నాగర్‌కర్నూల్ వైపు ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. మా స్టోర్ రూమ్‌లో కొన్ని రాతి విగ్రహాలు, ట్రంకు పెట్టెలో నాణేలు, గోనె సంచుల్లో కుండ పెంకులు, రెండు తాళపత్ర కట్టలు ఉన్నాయి. చాలా ఏళ్ల కింద రిటైరైన ఒక సారు ఊళ్లు తిరిగి తెచ్చారట. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చేలోగా మ్యూజియం తెరవాలని ప్రిన్సిపాల్ గారి ఆలోచన. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇంకా విగ్రహాలు ఇస్తామంటున్నారు. ఒకాయన తన దగ్గర పాత రాతలున్న రాగి రేకులున్నాయని చెబుతున్నాడు. షోకేసులు ఎలాంటివి కొనాలి, విగ్రహాలు ఎలా శుభ్రం చేయాలి, అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

మేడం గారూ,

షోకేసుల సంగతి కొన్నాళ్లు పక్కన పెట్టండి. ముందు ఆ రిటైరైన సారు ఎక్కడ ఉంటున్నారో కనుక్కుని వెళ్లి కలవండి. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, ఒక్కో వస్తువు ఫొటో చూపిస్తూ అడగండి: ఇది ఏ ఊరిది, ఎవరి పొలంలో ఉండేది, చెరువు కట్ట మీద దొరికిందా గుడి వెనకాలా, ఎవరిచ్చారు, ఏ ఏడాది. ఆయన లేకపోతే ఇంట్లో డైరీలు, నోటు పుస్తకాలు ఏమైనా మిగిలాయేమో చూడమని ఇంటివాళ్లను అడగండి. ఆయన వెంట ఊళ్లు తిరిగిన పాత విద్యార్థుల్లో కొందరు ఇప్పుడు టీచర్లుగా ఉండే ఉంటారు. ఆ గది తాళం చెవి పెట్టుకున్న అటెండర్‌ను మాత్రం అస్సలు వదలకండి. ఏ విగ్రహం ఎవరి ట్రాక్టర్ మీద వచ్చిందో చాలాసార్లు అతనికే గుర్తుంటుంది. ఈ పని ఈ నెలలోనే అయిపోవాలి. మిగతావి వచ్చే ఏడాది చేసుకున్నా నష్టం లేదు.

ఇంత తొందర పెట్టడానికి కారణం ఉంది. నేను పురావస్తు శాఖలో, ఆ తర్వాత ఒక విశ్వవిద్యాలయ మ్యూజియంలో పనిచేశాను. చేతులు విరిగిన విగ్రహాన్ని చూస్తే అంత బాధ అనిపించేది కాదు. ఊరి పేరు లేని విగ్రహాన్ని చూస్తే మాత్రం కడుపు తరుక్కుపోయేది. ‘విష్ణువు, నల్లరాయి, మధ్యయుగం’ అని చీటీ అంటించి ఉంటుంది. ఏ ఊరి విష్ణువు? అక్కడ గుడి ఉండేదా? పక్కన శాసనం ఉందా? ఊరు తెలిస్తే అది కందూరు చోడుల ఏలుబడిలో ఉండేదా, చాళుక్యుల దారి మీద ఉండేదా అని ఆలోచించడానికైనా వీలుంటుంది. ఊరు తెలియకపోతే అందంగా చెక్కిన రాయి అని తప్ప విద్యార్థికి ఇంకేమీ చెప్పలేం.

మన కృష్ణా తీరంలో ఈ విషయం మరీ ముఖ్యం. నాగార్జునసాగర్ కట్టే ముందు, 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయను తవ్వి, దొరికినవాటిని తర్వాత కొండ మీది మ్యూజియంలో పెట్టారు. ఆ కథ అందరికీ తెలుసు. ఇవతలి ఒడ్డున, మన నల్లగొండ వైపు ఏలేశ్వరం ఉండేది. అబ్దుల్ వహీద్ ఖాన్ ఆధ్వర్యంలో రాష్ట్ర పురావస్తు శాఖ దాన్నీ తవ్వింది. ఇప్పుడా చోటు నీళ్ల కింద ఉంది. ఆ తర్వాత శ్రీశైలం జలాశయం వచ్చింది. కృష్ణా, తుంగభద్ర కలిసే చోట ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి, అలంపురం తెచ్చి మళ్లీ నిలబెట్టారు. కొల్లాపూర్ దగ్గర సోమశిల గుళ్లనూ అలాగే పైకి మార్చారు. పెద్ద గుళ్లకు ఆ మాత్రం అదృష్టం దక్కింది. మునిగిపోయిన ఊళ్లలో చెట్ల కింద ఉన్న వీరగల్లులు (చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్లు), నాగశిలలు, గ్రామదేవతల రాళ్లు ఎటు పోయాయో ఎవరు చెప్పగలరు? మీ కాలేజీ ఉన్నది ఆ వైపే కాబట్టి, మీ సారు తెచ్చినవాటిలో మునిగిన ఊళ్లవి ఉండే అవకాశం బాగా ఉంది. అలాంటి రాయికి ఇక ఊరు లేదు. మీ రిజిస్టర్‌లో రాసే ఆ ఒక్క వరుసే దాని చిరునామా.

ఊరి పేరు రాసేటప్పుడు ఒక జాగ్రత్త. ఊరు, మండలం, ఇప్పటి జిల్లాతో పాటు పాత తాలూకా, పాత జిల్లా కూడా రాయండి. 2016లో జిల్లాలు విడిపోయాక బౌద్ధ శిథిలాలున్న ఫణిగిరి గుట్ట సూర్యాపేట జిల్లాలోకి, కొలనుపాక యాదాద్రి భువనగిరిలోకి పోయాయి. ముడుమాల నిలువురాళ్లు ఇప్పుడు నారాయణపేట జిల్లా. పాత పుస్తకాలన్నీ వీటిని నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలంటాయి. ఇంకా వెనక్కి వెళ్తే గద్వాల, అలంపురం తాలూకాలు 1956 దాకా రాయచూరు జిల్లాలో ఉండేవి. కాబట్టి నిజాం కాలపు నివేదికల్లో అలంపురం గురించి మహబూబ్‌నగర్ కింద వెతికితే దొరకదు.

రాతకూ ఫొటోకూ ఎంత బలముందో ఒక ఉదాహరణ చెబుతాను. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి ఆష్మోలియన్ అనే మ్యూజియం ఉంది. 1683లో ప్రజలకు తెరిచారు. విశ్వవిద్యాలయ మ్యూజియాల్లో అది చాలా పాతది. 1967లో ఆ మ్యూజియం లండన్ వేలంలో తమిళ వైష్ణవ భక్తకవి తిరుమంగై ఆళ్వార్ కంచు విగ్రహాన్ని కొన్నది. చాలా ఏళ్ల తర్వాత ఒక పరిశోధకుడికి పుదుచ్చేరిలోని ఫ్రెంచ్ సంస్థ దాచిన ఫొటోల్లో 1957 నాటి ఒక ఫొటో కనిపించింది. అదే విగ్రహం, తమిళనాడులోని ఒక గుడిలో. ఆ ఫొటో ఆధారంగా విషయం బయటపడి, విగ్రహాన్ని భారతదేశానికి తిరిగి ఇవ్వడానికి 2024 మార్చిలో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ మండలి ఒప్పుకుంది. ఆ ఫొటో తీసినవాళ్లు దొంగతనం గురించి ఆలోచించి తీయలేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు నమోదు చేశారంతే. మీ విద్యార్థులు చేయాల్సిందీ అదే.

ఇక చట్టం సంగతి. టెన్షన్ పడక్కర్లేదు, కానీ నాన్చకండి. నూరేళ్లు దాటిన విగ్రహాలు, నాణేలు, చిత్రాలు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. రాతప్రతులకైతే 75 ఏళ్లు చాలు. విగ్రహాల్లాంటి కొన్ని రకాలకు రిజిస్ట్రేషన్ కూడా ఉంటుంది. మీ గదిలో ఉన్నవాటి జాబితా, ఫొటోలు జతచేసి ప్రిన్సిపాల్ గారి సంతకంతో రాష్ట్ర వారసత్వ శాఖకు ఒక ఉత్తరం, కలెక్టర్‌ గారికి ఒక నకలు పంపించి, అందినట్టు రసీదు తీసుకోండి. రిజిస్ట్రేషన్ ఎలా చేయాలో వాళ్లే చెబుతారు. కొన్ని వస్తువులు వాళ్లు తీసుకెళ్లిపోతారేమోనని మీ ప్రిన్సిపాల్ గారు భయపడవచ్చు. పడనివ్వండి. చెప్పకుండా దాచిపెట్టిన వస్తువును విద్యార్థులకు ధైర్యంగా చూపించలేరు, దాని మీద ఒక వ్యాసం కూడా అచ్చు వేయలేరు.

ఇంకొకటి. భూమిలో దాగి ఉండి బయటపడిన విలువైనది ఏదైనా, పది రూపాయల విలువ దాటితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టర్‌కు తెలియజేయాలి. పొలం దున్నుతుంటే దొరికిన నాణేల ముంత దీని కిందికే వస్తుంది. మన జిల్లాలకు ఇది కొత్త కాదు. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో రోమన్ వెండి నాణేలు, పాలమూరు వైపు వీపనగండ్లలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. 2024లో ఫణిగిరి తవ్వకాల్లో ఒకే కుండలో మూడు వేలకు పైగా సీసపు నాణేలు బయటపడ్డాయి. ఇలాంటి నిధి మొత్తంగా ఒకచోట ఉంటేనే ఎవరు, ఎప్పుడు, ఎందుకు దాచారో ఊహించగలం. నాలుగు నాణేలు సర్పంచ్ ఇంట్లో, పది కంసాలి దగ్గర, రెండు మీ ట్రంకులో ఉంటే ఎవరికీ ఏమీ తెలియదు.

రిజిస్టర్ ఎలా పెట్టాలో చెబుతాను. గట్టి బైండు, పేజీలకు ముందే నంబర్లు వేసిన పుస్తకం ఒకటి కొనండి. కంప్యూటర్‌లో నకలు ఉంచుకోండి గానీ అసలు మాత్రం చేతిరాతదే ఉండాలి, చెరగని సిరాతో. భూమికి పహాణీ ఎలాగో మ్యూజియానికి ఈ పుస్తకం అలాగ. ఏడాది, వరుస సంఖ్య కలిపి ప్రతి వస్తువుకూ ఒక నంబరు ఇవ్వండి: 2025.1, 2025.2 అని. ఆ నంబరు ఎదురుగా వస్తువు, పదార్థం, కొలతలు, దొరికిన చోటు, ఇచ్చినవారు, ఎలా వచ్చింది, ఇప్పుడు ఎలా ఉంది, ఏ అరలో ఉంది రాయాలి. ‘ఫలానా సారు చెప్పారు’, ‘అటెండర్ గుర్తుచేసుకున్నాడు’ అని ఎవరి మాట మీద రాశారో కూడా రాయండి. తెలియనిచోట ‘తెలియదు’ అని స్పష్టంగా రాయండి. ఊహించి రాసిన ఊరి పేరు, ఊరి పేరు లేకపోవడం కన్నా పెద్ద చేటు.

రాతి మీద నంబరు వేయడానికి పెయింటు వాడొద్దు. పారలాయిడ్ బి-72 అనే రెసిన్‌ను అసిటోన్‌లో కరిగించి, విగ్రహం వెనకవైపు కనబడని చోట గోరంత పూత వేసి, ఆరాక దాని మీద సన్నని నల్ల సిరాతో రాసి, పైన ఇంకో పూత వేస్తారు. కావాలంటే అసిటోన్‌తో తుడిచేయొచ్చు, రాయికి ఏమీ కాదు. నాణేల మీద ఏమీ రాయకూడదు, కవరు మీదే రాయాలి. ఫొటో తీసేటప్పుడు పక్కన స్కేలు, నంబరు చీటీ పెట్టి నాలుగు వైపులా తీయండి.

మీరు ప్రభుత్వ కాలేజీలో ఉన్నారు, రేపు బదిలీ అయితే? అందుకని రిజిస్టర్ స్కాన్ కాపీ ఒకటి పాలమూరు విశ్వవిద్యాలయానికి, ఒకటి వారసత్వ శాఖకు ఇచ్చి ఉంచండి. అధ్యాపకులు మారినప్పుడల్లా వస్తువులు ఒక్కొక్కటి సరిచూసి, ఇద్దరూ సంతకాలు చేసి అప్పగించుకోవాలి. కాలేజీల్లో ఉన్న సేకరణలు ఎక్కువగా పోయేది దొంగల వల్ల కాదు, ఈ అప్పగింత జరగకపోవడం వల్ల.

శుభ్రం చేయడం గురించి అడిగారు. వీలైనంత తక్కువ చేయండి. రాతి విగ్రహాలకు మెత్తని బ్రష్షుతో దుమ్ము దులపడం చాలు. నూనె రాస్తే నిగనిగలాడుతుందని కొందరు చెబుతారు, రాయనివ్వకండి. నూనెకు దుమ్ము పట్టి గట్టి పొరలా నల్లబడుతుంది, తీయడం మహా కష్టం. సిమెంటు దిమ్మ కట్టి అందులో పాతడం మరీ ప్రమాదం. సిమెంటులోని లవణాలు తేమతో పాటు రాతిలోకి ఎక్కి, ఆరాక పైపొరను పెచ్చులు పెచ్చులుగా ఊడగొడతాయి. నేలకు ఆనకుండా చెక్క దిమ్మెల మీద నిలబెట్టండి. ఎత్తేటప్పుడు చేతులు, కిరీటం పట్టుకుని లేపకుండా అడుగున పట్టుకోమనండి.

నాణేలు ఇంకా సున్నితం. చింతపండు, నిమ్మకాయ, పీతాంబరి పొడి ఆ గది దగ్గరికి రానీయకండి. రాగి మెరుస్తుంది నిజమే, దాంతో పాటు అక్షరాలూ పోతాయి. శాతవాహనులు, ఇక్ష్వాకులు సీసపు నాణేలు చాలా వేశారు. మీ ట్రంకులో బూడిద రంగువి బరువుగా ఉంటే అవే కావచ్చు. సీసానికి చెక్క, ప్లైవుడ్ నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి పడదు, తెల్లని పొడి కింద మారిపోతుంది. ఆ పొడి విషం, చేతికి గ్లవుజులు వేసుకుని ముట్టుకోండి. అందుకే మీ ప్రిన్సిపాల్ గారు చెప్పే ప్లైవుడ్ షోకేసు నాణేలకు పనికిరాదు. ఒక్కో నాణేన్ని ఒక్కో పాలిథీన్ కవరులో వేసి స్టీలు బీరువాలో పెట్టండి. రాగి, కంచు వస్తువుల మీద లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే వాటిని విడిగా తీసి, తేమ పీల్చే సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో ఉంచి, వారసత్వ శాఖ రసాయన విభాగానికి కబురు చేయండి.

తాళపత్రాలను మీరు విప్పకపోవడమే మంచిది. పెళుసెక్కిన ఆకు విప్పబోతే విరుగుతుంది. చెదలు లేని చోట, ఎండ తగలని చోట, శుభ్రమైన నూలు గుడ్డలో చుట్టి ఉంచండి. కలరా ఉండలు వేయకండి. హైదరాబాద్ తార్నాకలో ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది. అక్కడివాళ్లు నిమ్మగడ్డి నూనె పట్టించి ఆకులు మెత్తబరచడం, చదవడం, స్కాన్ చేయడం తెలిసినవాళ్లు. ముందు వాళ్లకు ఫోన్ చేసి అడగండి.

ఇప్పుడు న్యాక్ విషయం. విశ్వవిద్యాలయ మ్యూజియం అంటే చిన్న సైజు రాష్ట్ర మ్యూజియం అని చాలామంది అనుకుంటారు. రెండూ వేరు. హైదరాబాద్ మ్యూజియంలో వస్తువు అద్దం వెనక ఉంటుంది, దూరం నుంచి చూసి రావాలి. కాలేజీ మ్యూజియంలో విద్యార్థి దాన్ని చేత్తో పట్టుకుని, తూచి, గీసి, దాని మీద రాయాలి. కలకత్తా విశ్వవిద్యాలయంలో 1937లో మొదలైన ఆశుతోష్ మ్యూజియం చంద్రకేతుగఢ్‌లో సొంతంగా తవ్వకాలు జరిపింది. దాని గ్యాలరీలు, తరగతులు, తవ్వకాలు కలిసే నడిచాయి. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోని భారత్ కళా భవన్ రాయ్ కృష్ణదాస్ అనే ఒక్క మనిషి పూనికతో 1920లో మొదలై, 1950లో విశ్వవిద్యాలయంలో కలిసింది. మీరు అంత పెద్దవి కట్టలేరు. కానీ మీ గోనె సంచుల్లో ఉన్న కుండ పెంకులతో మంచి తరగతి నడపవచ్చు.

ఆ పెంకుల్ని పారేయకుండా దాచినందుకు ఆ సారుకు నా తరఫున నమస్కారం చెప్పండి. విగ్రహాలకు ఉన్నంత గిరాకీ పెంకులకు లేదు గానీ, విద్యార్థి చేతికి ఇవ్వడానికి అంతకన్నా మంచి వస్తువు లేదు. ముందు సంచుల మీదా లోపలా చీటీలున్నాయేమో చూసి, ఒక సంచి పెంకులు ఇంకో సంచిలో కలవకుండా కాపాడండి. మసి, రంగుగీతలు లేనివాటిని మంచినీళ్లతో మెత్తని బ్రష్షుతో కడిగి నీడన ఆరబెట్టి, ట్రేలలో పేర్చండి. లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న పెంకులు కనిపిస్తే అవి చాలావరకు బృహత్ శిలాయుగానివి. మన ఊళ్లలో రాక్షస గుళ్లు, పాండవుల గుళ్లు అని పిలిచే సమాధుల కాలం అన్నమాట. కుండను బోర్లించి కాల్చడం వల్ల గాలి తగలని లోపలి భాగం నల్లబడి, గాలి తగిలిన బయటిది ఎర్రబడిందని చెప్పి పెంకు చేతికిస్తే పిల్లల కళ్లు వెలుగుతాయి. ఆ తర్వాత వాళ్లను అదే కాలపు నిలువురాళ్లున్న ముడుమాలకు తీసుకెళ్లండి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆచార్య కె.పి. రావు ఆ నిలువురాళ్ల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. 2025లో అవి యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. విశ్వవిద్యాలయంలో ఒక ఆచార్యుడు పట్టుదలగా ఒకే చోటును చదివితే ఏమవుతుందో దాన్ని చూసి తెలుసుకోవచ్చు.

న్యాక్ బృందానికి పూర్తి చేసిన రిజిస్టర్, పెంకుల ట్రేలు, ఒక్కో వస్తువు గురించి విద్యార్థులు రాసిన పత్రాలు, నాలుగైదు విగ్రహాలు ఉన్న శుభ్రమైన గది చూపించండి. గోడల మీద అలంపురం నవబ్రహ్మ ఆలయాలు, పానగల్ ఛాయా సోమేశ్వరాలయం, జడ్చర్ల దగ్గరి గొల్లత్తగుడి ఫొటోలు పిల్లలు తీసినవే పెట్టండి. ఫణిగిరి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లాయి. మన డిగ్రీ పిల్లల్లో ఆ గుట్ట ఎక్కినవాళ్లు చాలా తక్కువ. ఆ కొరత తీర్చడానికి ఖర్చు పెట్టేదుంటే షోకేసుల డబ్బుతో ఒక బస్సు మాట్లాడండి.

ఊళ్లవాళ్లు ఇస్తామన్న విగ్రహాలు తీసుకోకండి. మంచి మనసుతోనే ఇస్తున్నారు, కాదనను. కానీ పూజలో ఉన్న రాయిని కదిలిస్తే రేపు ఊళ్లో ఇంకో వర్గం అడ్డం తిరుగుతుంది. దేవాదాయ శాఖ గుడిదైతే ఆ శాఖ అనుమతి లేకుండా తెచ్చినందుకు మీ మీద కేసు అవుతుంది. అంతకన్నా ముఖ్యం, ఆ రాయి తన చోట ఉన్నంతవరకు పక్కనున్న చెరువు, పాత బాట, కూలిన గుడి పునాది అన్నీ కలిసి దాని గురించి చెబుతాయి. మీ విద్యార్థులు చాలావరకు ఆ ఊళ్లవాళ్లే కదా. ఒక్కొక్కరినీ తమ ఊరి రాళ్ల ఫొటోలు, కొలతలు, లొకేషన్, అవ్వలు తాతలు చెప్పే పేర్లు తెమ్మనండి. రాయి మాత్రం కదలకూడదు. రోడ్డు వెడల్పులోనో, మట్టి తవ్వకంలోనో పోయే ప్రమాదం ఉంటే మాత్రం తహసీల్దార్‌కు, వారసత్వ శాఖకు చెప్పి, పంచనామా రాయించి అప్పుడు కాలేజీకి తీసుకురండి.

చివరిగా ఆ రాగి రేకులాయన. ఆయన్ను రేకులు తీసుకుని కాలేజీకి రమ్మనకండి, మీరే ఇంటికి వెళ్లండి. తాతల నుంచి వచ్చాయా, పొలంలో దొరికాయా అడగండి. దొరికినవైతే కలెక్టర్‌కు తెలియజేయాలని నెమ్మదిగా చెప్పండి, భయపెట్టకండి. భయపెడితే ఆ రాత్రికే అవి రాగి ధరకు అమ్ముడుపోతాయి. రేకుల్ని కలిపే వలయం, దాని మీద ముద్ర ఉంటే కోయవద్దని, తోమవద్దని ఒకటికి రెండుసార్లు చెప్పండి. ఏ రాజువో ఆ ముద్ర చూసే చాలాసార్లు గుర్తుపడతారు. పక్క నుంచి వెలుతురు పడేలా పెట్టి ప్రతి రేకునూ రెండు వైపులా ఫొటో తీసి, మైసూరులో ఉన్న కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగానికి పంపితే చదివి చెబుతారు. పాత నల్లగొండ జిల్లా తుమ్మలగూడెంలో దొరికిన విష్ణుకుండిన రాజుల రాగి రేకుల్లో ఒకదాని మీద శక సంవత్సరం 488, అంటే క్రీ.శ. 566 అని ఉంది. ఆ ఒక్క తేదీ వల్ల ఆ రాజుల కాలక్రమమే ఒక దారికి వచ్చింది. ఆ ఊరే నాటి ఇంద్రపాలనగరమని, అక్కడ ఒక రాణి కట్టించిన బౌద్ధ విహారం ఉండేదని కూడా ఆ రేకుల వల్లే తెలిసింది. మీ ఊరాయన దగ్గర ఉన్నవి ఏమిటో చూసి, ఆ ఫొటోలు వచ్చాక ఇక్కడే రాయండి. లిపి ఏ కాలానిదో గుర్తుపట్టడానికి నేను సాయం చేస్తాను.